అద్దె తొమ్మిది వేలు, ఆపైన ‘అన్య శుల్క్’

మా ఆయన భిలాయి స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో ముప్ఫై ఆరేళ్లు పనిచేసి 2022 జూన్‌లో రిటైరయ్యారు. 1988లో పెళ్లయి పార్వతీపురం నుంచి నేను వచ్చింది సెక్టార్ 6లో క్వార్టరుకే. ఇద్దరు పిల్లలు పుట్టి పెరిగి పెద్దయ్యిందీ అక్కడే. అన్నేళ్లలో ఇంటి అద్దె అనే మాట మా ఇంట్లో వినపడలేదు. ఆయన జీతం స్లిప్పులో క్వార్టరు అద్దె అని ఒక చిన్న గీత ఉండేది. కరెంటుకీ, నీళ్లకీ పక్కనే ఇంకో రెండు గీతలు. చేతికి రాకముందే పోయిన డబ్బు కాబట్టి అది ఎంతో నేను పట్టించుకోలేదు. గొట్టం కారితే నగర్ సేవా విభాగంలో కంప్లైంటు రాయిస్తే మనిషి వచ్చేవాడు.

భిలాయిలో మాలాంటి తెలుగువాళ్లు చాలామంది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభించే నాటికే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జనం రైలెక్కి వచ్చేశారు. ఖుర్సీపార్ వీధుల్లో నడిస్తే ఈ రోజుకీ గుమ్మాల్లో తెలుగే వినపడుతుంది. క్వార్టర్లలో పుట్టి క్వార్టర్లలో ముసలివాళ్లయిన కుటుంబాలు మావి. బయట ఇల్లు అద్దెకి తీసుకోవడమంటే ఏమిటో అరవై ఏళ్ల వయసులో నేర్చుకోవలసి వస్తుంది. నేను నేర్చుకున్నదంతా నా లెక్కల పుస్తకంలో ఉంది. పాలవాడి లెక్క, చాకలి లెక్క రాసుకున్న పుస్తకంలోనే ఇదీ రాశాను. మన వైపు నుంచి ఇక్కడికి కొత్తగా వచ్చే పిల్లలకీ, క్వార్టరు ఖాళీ చేయబోతున్న నా ఈడు వాళ్లకీ పనికొస్తుందని ఇప్పుడు దాన్ని విప్పుతున్నాను.

ముందు క్వార్టరు సంగతి. రిటైరైన తర్వాత కొన్నాళ్లు ఉండనిస్తారు. ఆ గడువు దాటితే పీనల్ రెంట్ పడుతుంది. మామూలు అద్దెకి అది ఎన్నో రెట్లు. మా వీధిలో ఒకాయన కూతురి పెళ్లి అయ్యేదాకా అని ఉండిపోయారు. పెళ్లి రెండుసార్లు వాయిదా పడింది. చివరికి చేతికి రావలసిన గ్రాచ్యుటీలోంచి ఆ అద్దె పోయింది. ఇలా మినహాయించుకోవచ్చా అన్న ప్రశ్న ప్లాంటు నడిపే సెయిల్‌కీ, రిటైరైన ఉద్యోగులకీ మధ్య సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. గడువు మించి ఉంటే పీనల్ రెంట్ సహజంగా వచ్చే పర్యవసానమేననీ, దాన్ని గ్రాచ్యుటీ సహా రావలసిన సొమ్ములోంచి సర్దుకోవచ్చనీ 2020 డిసెంబరులో కోర్టు చెప్పింది. అందుకే మా ఆయన ఒక్క రోజు కూడా మించనివ్వలేదు. 2022 నవంబరులో వైశాలీ నగర్‌లో ఒక మేడమీది వాటాకి మారిపోయాం.

బోర్డు మీద అద్దె తొమ్మిది వేలు. ఆ నెల మా చేతుల్లోంచి వెళ్లింది ముప్ఫై ఎనిమిది వేల అయిదు వందలు. అద్దె 9,000. అడ్వాన్స్ 18,000. బ్రోకరుకి ఒక నెల అద్దె, అంటే 9,000. అగ్రిమెంటు కాగితం, టైపు, నోటరీ కలిపి 1,200. పోలీసు వెరిఫికేషన్‌కని బ్రోకరు తీసుకున్నది 500. ట్యాంకు కడిగించినందుకు 800. ఆ రాత్రి ఇవన్నీ పుస్తకంలో వరసగా రాసి కింద గీత గీసి కూడాను. మళ్లీ కూడాను. మారలేదు.

ఈ వరసలో తిరిగొచ్చేది అడ్వాన్స్ ఒక్కటే. దానికీ రసీదు ఉండాలి. ఎంత అడ్వాన్స్ అడగొచ్చన్నది ఊరిని బట్టి ఉంటుంది. బెంగళూరులో పది నెలలది అడగడం చాలాకాలం మామూలే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకి రెండు నెలల అద్దె మించకూడదంటుంది. కానీ అది నమూనా. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు. పోలీసు వెరిఫికేషన్ మాటకొస్తే, తర్వాత నేనే ఠాణాకి వెళ్లి అడిగాను. ఫారానికి పైసా లేదన్నారు. ఆ అయిదు వందలు బ్రోకరు తన తిరుగుడుకి వేసుకున్నది. అడిగి ఉంటే ఫారం నేనే నింపి ఇచ్చేదాన్ని.

అగ్రిమెంటు పదకొండు నెలలకే ఎందుకు రాస్తారో కూడా అప్పుడే తెలిసింది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాలి. దానికి స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు ఉంటాయి. పదకొండు నెలలయితే రిజిస్ట్రేషన్ ఖర్చు తప్పుతుంది. ఇద్దరికీ బాగానే ఉంటుంది కానీ, ప్రతి పదకొండు నెలలకీ కొత్త కాగితం, మళ్లీ నోటరీ, కొందరు బ్రోకర్లయితే మళ్లీ వాళ్ల ఫీజు. కొత్త కాగితానికి డబ్బులు ఎవరివో, అద్దె ఎంత పెరుగుతుందో మొదటి కాగితంలోనే రాయించుకోవాలి. ఛత్తీస్‌గఢ్‌కి 2011 నాటి సొంత అద్దె నియంత్రణ చట్టం ఉంది. తగాదా వస్తే వినడానికి జిల్లాలో రెంట్ కంట్రోలరు, ఆపైన రాయ్‌పూర్‌లో ట్రిబ్యునల్ ఉన్నాయి. అక్కడిదాకా వెళ్లినా వాళ్లు ముందు చూసేది కాగితాన్నే.

మా కాగితంలో ఏడో షరతు ఒకటుంది. హిందీలో, ఒకే వాక్యం. కరెంటు, నీళ్లు, నగర్ నిగమ్ కర్, ‘అన్య శుల్క్’ కిరాయిదారే కట్టాలని. నగర్ నిగమ్ కర్ అంటే కార్పొరేషన్ పన్ను, అన్య శుల్క్ అంటే ఇతర రుసుములు. ఏ రుసుములు, ఎంత, ఎవరికి? ఏమీ లేదు. నాకు హిందీ బాగానే వచ్చు. చదివాను. అన్ని కాగితాల్లోనూ ఇలాగే ఉంటుందని బ్రోకరు అన్నాడు. మా ఆయన సంతకం పెట్టారు.

ఆ ఒక్క వాక్యంలోంచే ఏడాదంతా ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

మొదట వచ్చింది కరెంటు. కింద యజమానులు, పైన మేము. మీటరు ఒక్కటే. మా వాటాకి సబ్ మీటరు పెట్టారు. యూనిట్‌కి తొమ్మిది రూపాయలన్నారు. క్వార్టరులో ఇంత కాలేదే అనిపించినా బయట ఇంతేనేమో అనుకున్నాను. ఏప్రిల్‌లో కూలరు వేశాక మా వాటాకి 210 యూనిట్లు వచ్చాయి. 1,890 రూపాయలు. ఆ నెలే కరెంటు బిల్లు కాగితం మా మెట్ల మీద పడేసి వెళ్లాడు రీడింగు తీసే కుర్రాడు. తీసి చూశాను. ఇల్లు మొత్తానికి వచ్చిన సొమ్ముని మొత్తం యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కి అయిదు రూపాయలు కూడా పడలేదు.

ఎందుకంటే బిల్లులో ‘హాఫ్’ ఉంది. 2019 మార్చి నుంచి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఇళ్లకి నాలుగు వందల యూనిట్ల దాకా సగం బిల్లు పథకం పెట్టింది. బకాయిలు లేని ఇంటికి అది వర్తించేది. 2025లో ఆ పరిమితిని బాగా తగ్గించారు కానీ, అప్పట్లో అది మధ్యతరగతి ఇంటికి పెద్ద ఊరట. ఆ సగం తగ్గింపు యజమాని మీటరు మీద పడుతోంది. సబ్ మీటరు కింద ఉన్న మాకు పడటం లేదు. ఇంకో సంగతి. ఇళ్ల కరెంటు ధర మెట్లు మెట్లుగా ఉంటుంది. తక్కువ వాడితే తక్కువ ధర, యూనిట్లు పెరిగేకొద్దీ ధర పెరుగుతుంది. రెండు కుటుంబాల వాడకం ఒకే మీటరులో పడితే ఇద్దరూ పై మెట్టు ఎక్కుతారు. విడివిడిగా ఉంటే ఇద్దరూ కింది మెట్టులో ఉండేవారు, తగ్గింపు కూడా ఇద్దరికీ వచ్చేది. అంటే సబ్ మీటరుతో యజమానికీ పూర్తి లాభం లేదు.

నేను బిల్లు పట్టుకుని కిందకి వెళ్లాను. ఆవిడ నాకన్నా పెద్దావిడ. “దీదీ, మీరు కట్టే ధరే మేమూ కడతాం. మోటారుకీ, మెట్ల లైటుకీ మా వంతు వేసుకోండి” అన్నాను. ఆవిడ బిల్లు చూసి, కళ్లద్దాలు పెట్టుకుని మళ్లీ చూసి, కొడుకుని పిలిచింది. తొమ్మిది రూపాయలన్నది పక్కింటివాళ్లు తీసుకుంటున్నారని పెట్టిందేనట. ఆ నెల నుంచి బిల్లు ఫొటో తీసి మాకు పంపడం, యూనిట్ల లెక్కన పంచుకోవడం మొదలైంది. మోటారుకి నెలకి 150. ఎవరూ గొంతు పెంచలేదు. అందరికీ ఇలా జరగకపోవచ్చు. అందుకని చట్టం ఏమంటుందో కూడా తెలిసి ఉండాలి. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు కనెక్షన్ అడిగే హక్కు యజమానికే కాదు, ఆ ఇంట్లో ఉంటున్నవాళ్లకీ ఉంది. యజమాని అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో అద్దెదారుకి కరెంటు ఆపకూడదని 2022లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. విడి మీటరుకి డిపాజిట్ కట్టాలి, ఖాళీ చేసినప్పుడు మూసేయించుకోవాలి. రెండు మూడేళ్లు ఉండేవాళ్లకి ఆ శ్రమ దక్కుతుంది.

రెండోది ఆ ఏప్రిల్‌కి ముందు మార్చి నెలలో వచ్చింది. మార్చి అంటే మా భిలాయిలో కూడా పన్నుల నెలే. యజమాని కొడుకు నగర్ నిగమ్ డిమాండు కాగితం తీసుకొచ్చి, సగం మీరివ్వాలి అన్నాడు. ఏడో షరతు చూపించాడు. క్వార్టరులో ఉన్నన్నాళ్లూ ఆ కాగితం నా కంటపడలేదు. అందులో వరసలున్నాయి. సంపత్తి కర్, అంటే ఆస్తి పన్ను. సమేకిత్ కర్, ఉమ్మడి పన్ను. శిక్షా ఉపకర్, చదువుల సెస్సు. జల్ కర్, నీటి పన్ను. యూజర్ చార్జ్, ఇంటింటి చెత్త తీసుకెళ్లేందుకు. వీటన్నిటి కింద ‘బకాయా’, పాత బాకీ. అదీ రెండేళ్లది. మేం ఆ ఇంట్లో అడుగుపెట్టి అప్పటికి అయిదు నెలలు.

నేను కాగితం ఇవ్వమని తీసుకుని నిగమ్ జోన్ ఆఫీసుకి వెళ్లాను. కౌంటరులో ఉన్నాయన ఓపిగ్గా చెప్పాడు. ఆయన చెప్పిందీ, తర్వాత నేను తెలుసుకున్నదీ కలిపి రాస్తాను. ఆస్తి పన్నుని ఇంటికి ఏడాదిలో ఎంత అద్దె రావచ్చో ఆ అంచనా మీద కడతారు. దాన్ని ఇక్కడ వార్షిక్ భాడా మూల్య అంటారు. యజమానే స్వవివరణి, అంటే తన ఇంటి వివరాల ఫారం, నింపి ఇవ్వాలి. తానే ఉంటే రాయితీ, అద్దెకిస్తే ఆ భాగానికి రాయితీ ఉండదు. మేం చేరాక ఆ ఇంటి పన్ను పెరిగిందంటే కారణం అదే. కానీ పేరు ఎవరిది? యజమానిది. నిగమ్‌కి బాకీపడేది ఆయనే. పైగా ఆయన ఆ పన్ను స్వయంగా కడితే ఆదాయపు పన్ను లెక్కలో అద్దె ఆదాయంలోంచి దాన్ని తీసేసుకోవచ్చు. ఆ మిగిలినదాంట్లో మరమ్మతులూ వగైరాలకని ముప్ఫై శాతం ఏ రసీదూ లేకుండానే మినహాయింపు ఇస్తారు. అంటే ఆస్తి పన్ను, సున్నం, రంగు ఖర్చులు యజమానివని లెక్కగట్టే ప్రభుత్వం ఆ వెసులుబాటు ఇచ్చింది. వాటినే అద్దెదారు దగ్గర మళ్లీ తీసుకుంటే ఒక ఖర్చుకి రెండుసార్లు వచ్చినట్టు.

చెత్త, నీళ్లు వేరు. అవి వాడుకున్నవాళ్లవి. చెత్త బండి మా ఇంటి ముందు ఆగుతోంది, మా బకెట్ తీసుకుంటోంది. ఆ సొమ్ము మేమే ఇవ్వాలి. ఇది మా చెల్లెలికి ఫోనులో చెబితే, పార్వతీపురంలో తామూ చెత్త పన్ను అద్దెదారులుగానే కట్టామంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021లో మొదలైన ఆ వసూలుని 2024లో రద్దు చేశారు. ఆస్తి పన్నుని కూడా అక్కడ 2021 నుంచి అద్దె విలువ మీద కాకుండా ఆస్తి మూలధన విలువ మీద లెక్కిస్తున్నారు. ఊరు మారితే కాగితం మీద గీతలు మారతాయి. యజమాని కట్టాల్సింది, వాడుకునేవాళ్లు కట్టాల్సింది అనే తేడా మాత్రం ఏ ఊళ్లోనైనా చూసుకోవాలి.

ఇక్కడ ఒక మాట నిజాయితీగా చెప్పాలి. ఏడో షరతు కింద మా ఆయన సంతకం ఉంది. నగర్ నిగమ్ కర్ కిరాయిదారు కడతాడని రాసి ఉంది. చట్టం యజమాని పేరు రాసినా, మేం ఇస్తామని ఒప్పుకున్నది మా ఇద్దరి మధ్య ఒప్పందమే అవుతుంది. అందుకే గట్టిగా వాదించే స్థితిలో లేం. అయినా రెండేళ్ల బకాయా మాది కాదుగదా అన్నాను. మా అయిదు నెలల చెత్త చార్జీ, నీటి పన్నులో మా వంతు లెక్కగట్టి ఇచ్చాను. యజమాని కొడుకు కాసేపు ఆలోచించి తీసుకున్నాడు. తర్వాతి కాగితంలో ఏడో షరతు మార్చి రాయించాం. ‘అన్య శుల్క్’ తీసేసి, మోటారు 150, చెత్త చార్జీ రసీదు ప్రకారం, నీళ్లు సగం అని.

2024లో మా ఆయనకి మోకాళ్లు బాగా పట్టేశాయి. మెట్లెక్కలేక స్మృతి నగర్ వైపు లిఫ్టు ఉన్న అపార్టుమెంటులో ఫ్లాటు తీసుకున్నాం. అద్దె పన్నెండు వేలు, మేంటెనెన్స్ 1,800. ఈసారి కాగితం నేనే చదివి, నేనే రాయించాను. అయినా రెండు సంగతులు కొత్తవి వచ్చాయి.

ఒకటి, సొసైటీ రసీదు. మూడో నెలలో 1,800 కింద జీఎస్టీ 18 శాతం, 324 అని అచ్చు వేసి వచ్చింది. అపార్టుమెంటు మేంటెనెన్స్ మీద జీఎస్టీ ఉన్నమాట నిజమే. కానీ ఫ్లాటు ఒక్కింటికి నెలకి 7,500 దాటాలి, సొసైటీ వార్షిక వసూళ్లు ఇరవై లక్షలు దాటాలి. ఆ రెండూ ఉంటేనే. 2018 జనవరి ముందు ఆ 7,500 హద్దు అయిదు వేలుండేది. మాది ఎక్కడ? నేను సెక్రటరీ గారిని సొసైటీ జీఎస్టీ నంబరు రసీదు మీద వేయమని అడిగాను. నంబరు లేదు. లెక్కలు రాసే అబ్బాయి ఏదో సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టాడట, అందులో ఆ గీత దానంతటదే వచ్చిందట. తర్వాతి నెల నుంచి తీసేశారు. జీఎస్టీ అని రాసి డబ్బు తీసుకునేవాళ్లెవరికైనా పదిహేను అక్షరాల నంబరు ఉండాలి. బ్రోకరైనా అంతే. నంబరు లేకుండా జీఎస్టీ అడిగితే అది పన్ను కాదు.

రెండోది నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఫ్లాటు యజమాని అమెరికాలో ఉంటుంది. ఇక్కడ ఆఫీసరుగా చేసిన ఆయన కూతురు. వాళ్లమ్మ గారు మాకు తాళాలిచ్చారు, అద్దె కూతురి బ్యాంకు ఖాతాకి వేస్తున్నాం. మా అల్లుడు హైదరాబాద్ నుంచి వచ్చినప్పుడు మాటల్లో ఈ సంగతి విని, “అత్తయ్యా, టీడీఎస్ కోస్తున్నారా?” అన్నాడు. నెలకి యాభై వేలు దాటిన అద్దెలకే కదా అన్నాను. ఇండియాలో ఉండే యజమానికి అది నిజం. నెలకి యాభై వేలు దాటితే అద్దెదారు కొంత కోసి ప్రభుత్వానికి జమ చేయాలి. 2024 అక్టోబరు నుంచి అది రెండు శాతం, అంతకుముందు అయిదు. కానీ యజమాని విదేశంలో స్థిరపడిన మనిషయితే ఆ యాభై వేల హద్దు లేదు. పన్నెండు వేల అద్దెకయినా దాదాపు 31 శాతం కోసి జమ చేయాలి. అందుకు అద్దెదారు టాన్ అనే నంబరు తీసుకోవాలి. కోయకపోతే ఆ పన్నుకీ వడ్డీకీ జవాబు చెప్పాల్సింది అద్దెదారే.

పన్నెండు వేలల్లో 31 శాతమంటే 3,700 పైన. నెలల తరబడి మేం పూర్తిగా వేసేశాం. ఆ రాత్రి పుస్తకంలో ఆ అంకె వేసి చూసుకుని పక్కన పెట్టేశాను. తర్వాత ఆడిటరు దగ్గరికి వెళ్లాం. ఫ్లాటు యజమాని అమ్మాయికి విషయం రాశాం. ఆమెకీ తెలియదు. ఆమె మంచిది, మిగిలిన నెలల అద్దెలోంచి పాతది కూడా కోసుకోమంది. ఆ పన్ను ఆమెదే, ఆమె ఇక్కడ రిటర్ను వేసినప్పుడు ఎక్కువ కట్టింది వాపసు వస్తుంది. తక్కువ శాతమే కోయమని ఆదాయపు పన్ను శాఖ నుంచి ఆమె ధ్రువపత్రం తెచ్చుకోవచ్చనీ ఆడిటరు చెప్పారు, అది తెచ్చుకుంది. మాకు ఆడిటరు ఫీజు, కొంచెం వడ్డీ మిగిలాయి. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లు ఎన్ని! హైదరాబాద్, విశాఖలో వాళ్ల ఫ్లాట్లలో అద్దెకున్నవాళ్లు ఎన్ని వేలమందో. తాళాలిచ్చేది అమ్మానాన్నలు కాబట్టి యజమాని ఎక్కడుంటుందో ఎవరూ అడగరు. దయచేసి అడగండి. ఇల్లు ఎవరి పేరున ఉంది, ఆ మనిషి ఏ దేశంలో ఉంది, ఈ రెండూ సంతకానికి ముందే.

జీఎస్టీ దెబ్బ నిజంగా తగిలింది మా తోడికోడలు కొడుక్కి. ప్లాంటులో మరమ్మతు పనులు కాంట్రాక్టుకి తీసుకుంటాడు. షట్‌డౌన్ పనులప్పుడు శ్రీకాకుళం వైపు నుంచి వెల్డర్లని పిలిపిస్తాడు. వాళ్లు ఉండటానికని సుపేలాలో నెలకి పదిహేను వేలకి ఫ్లాటు తీసుకున్నాడు, తన ఫర్మ్ పేరు మీద. 2022 జులై 18 నుంచి రూలు మారింది. జీఎస్టీ నంబరున్నవాళ్లు నివాసపు ఇల్లు అద్దెకి తీసుకుంటే 18 శాతం పన్ను. అదీ యజమాని కాదు, అద్దెకి తీసుకున్నవాడే స్వయంగా ప్రభుత్వానికి కట్టాలి. యజమానికి జీఎస్టీ నంబరు ఉన్నా లేకపోయినా సరే. పద్నాలుగు నెలల తర్వాత అతనికి తెలిసింది. నెలకి 2,700 చొప్పున 37,800, పైన వడ్డీ. అదే అతను తన పెళ్లాంపిల్లలతో ఉండటానికి సొంత పేరున, సొంత ఖాతాలోంచి తీసుకున్న ఇల్లయితే, సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకి 2023 జనవరి 1 నుంచి ఆ పన్ను లేదు. జీఎస్టీ నంబరు లేని మామూలు మనిషి కుటుంబానికి అద్దెకి తీసుకుంటే మొదటినుంచీ లేదు. భిలాయికి కోచింగుకని వచ్చి హాస్టళ్లలో ఉండే పిల్లల తల్లిదండ్రులు కూడా ఒకటి గుర్తుపెట్టుకోవాలి. నెలకి ఇరవై వేల లోపు, వరసగా తొంభై రోజులు ఉండే బసకి 2024 జులై నుంచి జీఎస్టీ మినహాయించారు.

మా చిన్నమ్మాయి ఇంగ్లండ్‌లో చదువుకోవడానికి వెళ్లింది. అక్కడ 2019 జూన్ నుంచి ఏజెంట్లు అద్దెదారు దగ్గర రకరకాల ఫీజులు తీసుకోవడం చట్టంతోనే ఆపేశారు. అడ్వాన్స్ కూడా మామూలు ఇళ్లకి అయిదు వారాల అద్దె మించకూడదు. వింటే ఎంత బాగుందో అనిపించింది. కానీ చదువు పూర్తయి ఉద్యోగంలో చేరిన నెలే దానికి కౌన్సిల్ టాక్స్ కాగితం వచ్చింది. పూర్తికాలం చదువుకునేవాళ్లకి అది ఉండదు, చదువు అయిపోగానే మొదలవుతుంది. మన ఆస్తి పన్ను లాంటిదే కానీ అక్కడ అది ఇంట్లో ఉండేవాళ్ల పేరునే వస్తుంది. “అమ్మా, ఇంటి ఓనరు కట్టాలి కదా?” అని ఫోను చేసింది. కాగితం మీద పేరు ఎవరిదో చూడమన్నాను. దానిదే.

ఖాళీ చేసేటప్పుడు రంగుల గొడవ అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. వైశాలీ నగర్ ఇల్లు వదిలినప్పుడు అడ్వాన్స్‌లోంచి రంగులకి ఆరు వేలు కోస్తామన్నారు. చేరిన రోజు గోడలన్నీ, బాత్రూం మూల పెచ్చులూడిన చోటుతో సహా, మా అమ్మాయి ఫోనులో తీసి పెట్టింది. అవి చూపించాం. రెండు వేలకి సర్దుకున్నారు.

మొన్న సంక్రాంతి ముందు మా ఊరి పిల్ల ఒకర్తె వచ్చింది. ఇక్కడ ప్రైవేటు బడిలో టీచరుగా చేరుతోంది, భర్తకి ప్లాంటులో కాంట్రాక్టు పని. దుర్గ్–విశాఖ వందే భారత్‌లో పార్వతీపురంలో ఎక్కి ఆ రాత్రికే దిగిపోయారు. నేను వచ్చిన రోజుల్లో రైలు రాత్రంతా నడిచేది. కోహ్కాలో ఇల్లు చూసుకున్నారు, ఏడున్నర వేలు. “పెద్దమ్మా, సంతకం పెట్టాలి, ఒక్కసారి రావూ” అంది.

బ్రోకరు కాగితం తెచ్చాడు. స్టాంపు పేపరు మీద హిందీ అచ్చు, ఒత్తుగా. నేను కళ్లద్దాలు పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో షరతూ దానికి తెలుగులో చెప్పాను. ఇంటి యజమాని పేరు అడిగాను. ఎక్కడుంటాడని అడిగాను. పక్క వీధిలోనేనట. కరెంటు మీటరు విడిగా ఉందా అని అడిగితే ఉందన్నాడు, బయటికి తీసుకెళ్లి చూపించాడు. పాత బకాయి లేదని చివరి బిల్లు కూడా ఇచ్చాడు. మళ్లీ లోపలికొచ్చి కూర్చున్నాం. తొమ్మిదో షరతు దగ్గర నా వేలు ఆగింది. అదే వాక్యం. అవే రెండు మాటలు.

“భయ్యా, ఈ అన్య శుల్క్ అంటే ఏమేమిటి?”

“అరే ఆంటీజీ, అందరికీ ఇలాగే రాస్తాం.”

“రాయండి. ఏవేవో, ఎంతెంతో కూడా రాయండి.”

అతను ఫోను తీసి యజమానికి చేశాడు. కాసేపు మాట్లాడాడు. పిల్ల నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఫోను పెట్టేసి అతను పెన్ను తీశాడు, ఆ రెండు మాటల మీద గీత కొట్టాడు, పైన ఖాళీలో చిన్న అక్షరాలతో హిందీలో రాశాడు. మోటారు కరెంటు 100, చెత్త చార్జీ రసీదు ప్రకారం, ఇంకేమీ లేదు. పక్కనే యజమాని సంతకానికి చోటు వదిలాడు. పిల్ల అది చదువుకుని, పెన్ను కోసం చెయ్యి చాపింది.